కంట్లో వాపు ఉందన్నారు: ఏ ఇంజెక్షన్ ఎవరికి?

నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట వైపు నుంచి కంటి చూపు కోసం చెన్నై వచ్చేవాళ్ళు చాలామంది. చీకటితో రైలెక్కి సెంట్రల్‌లో దిగి, ఆటో మాట్లాడుకుని నేరుగా ఆసుపత్రికి వస్తారు. మధ్యాహ్నానికల్లా చేతిలో ఒక ఓసీటీ స్కాన్ (కంటి వెనక పొరని అడ్డంగా కోసినట్టు చూపించే ఫోటో), ఒక రేట్ల కాగితం ఉంటాయి. నోట్లో ఒకటే మాట: "కంట్లో వాపు ఉందంట. ఇంజెక్షన్ వేయాలంట. నాలుగైదు రకాలున్నాయి, ఏది కావాలో చెప్పమంటున్నారు."

నేను చెన్నైలో ఆప్టోమెట్రిస్ట్‌ని. ఆ స్కాన్లు తీయడమే నా రోజువారీ పని. డాక్టర్ని కాను కాబట్టి ఫలానాది వేయించుకోండి అని చెప్పను. అయితే మూడేళ్ళ కిందట మా నాన్నని తీసుకుని నేను కూడా ఆ కాగితం ముందు కూర్చున్నాను. వేరే ఆసుపత్రి అది. కౌన్సెలింగ్ గదిలో పది నిమిషాల్లో తేల్చుకోమన్నారు. ఇదే పనిలో ఉన్న నాకే కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఊరి నుంచి వచ్చినవాళ్ళకి ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఆ రోజు అర్థమైంది. ఆ గదిలోకి వెళ్ళే ముందే తెలిసి ఉండాల్సినవి ఇక్కడ రాస్తున్నాను.

## ఒకే మాట, రెండు జబ్బులు

అసలు చిక్కు 'వాపు' అనే మాటతోనే మొదలవుతుంది. తమిళంలో డాక్టరు 'వీక్కం' అంటారు, మనం వాపు అనుకుంటాం. రెండు భాషల్లోనూ ఆ ఒక్క మాటే రెండు వేర్వేరు సంగతులకి వాడతాం.

మెట్టు దిగుతూ కాలు మడతపడి చీలమండ బెణికిందనుకోండి. ఎర్రబడుతుంది, వేడిగా ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి. అది ఇన్‌ఫ్లమేషన్: దెబ్బ తగిలిన చోటికి ఒంట్లోని రక్షణ కణాలు పరిగెత్తుకొచ్చి చేసే హడావుడి. ఇక కిడ్నీలో, గుండెలో తేడా ఉన్న పెద్దవాళ్ళ కాళ్ళు చూడండి. సాయంత్రానికి నీరు పడతాయి, వేలితో నొక్కితే గుంట పడుతుంది, నొప్పి మాత్రం ఉండదు. అది నీరు చేరిన వాపు. మనం దాన్నీ వాపే అంటాం, దీన్నీ వాపే అంటాం.

కంటి వెనక ఉండే రెటీనా అనే పొర మధ్యలో మాక్యులా ఉంటుంది. అక్షరం చదవడానికి, ఎదుటి మనిషి ముఖం పోల్చుకోవడానికి పనికొచ్చే చిన్న చోటు అది. అక్కడ ఈ రెండు వాపులూ కలిసిపోయి ఉంటాయి. ఏది ఎంత పాలు అన్నదాన్ని బట్టి మందు మారుతుంది. రెటీనాకి నొప్పి తెలియదు కాబట్టి లోపల ఏం జరుగుతున్నా బయటికి గుర్తు ఉండదు. కళ్ళకలక వస్తే, అదే ఇక్కడ అందరూ మద్రాస్ ఐ అంటారే, వీధి చివర నుంచే కనిపెట్టేస్తాం. లోపలి ఇన్‌ఫ్లమేషన్‌కి ఎరుపు లేదు, ఊసి లేదు. మా నాన్న గూడూరులో బియ్యం మిల్లు లెక్కలు రాసేవారు. ఆయనకి కనిపించిన మొదటి గుర్తు, "3కీ 8కీ తేడా తెలియడం లేదమ్మా" అనడమే.

వయసుతో వచ్చే జబ్బుల్లో ఈ పాళ్ళు ఎలా ఉంటాయంటే:

షుగర్ వల్ల వచ్చే వాపులో రక్తనాళాల గోడలు దెబ్బతిని, వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ పెరిగి, నీరు కారుతుంది. దాంతోపాటు తెల్ల రక్తకణాలు నాళాల గోడలకి అతుక్కుపోతాయి, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలు కంటి లోపలి జెల్లీలో పెరుగుతాయి. వాపు ఎంత పాతబడితే ఇన్‌ఫ్లమేషన్ పాలు అంత పెరుగుతుందని డాక్టర్లు భావిస్తారు.

ఏఎండీ, అంటే వయసు మీద పడ్డాక మాక్యులా అరిగిపోయే జబ్బు, ఇంకో రకం. రెటీనా కింద డ్రూసెన్ అనే పసుపు మచ్చలు పేరుకుంటాయి. వాటిలో మన రోగనిరోధక వ్యవస్థకి చెందిన కాంప్లిమెంట్ ప్రోటీన్లు దొరికాయి. ఆ వ్యవస్థని అదుపులో పెట్టే కాంప్లిమెంట్ ఫ్యాక్టర్ హెచ్ జన్యువులో తేడా ఉన్నవాళ్ళకి ఈ జబ్బు ముప్పు ఎక్కువని 2005లో ఒకేసారి పలు పరిశోధక బృందాలు బయటపెట్టాయి. చాలాకాలం ఉత్త అరుగుదల అనుకున్నదానిలో, ఏళ్ళ తరబడి సన్నగా సాగే ఇన్‌ఫ్లమేషన్‌కి కూడా పెద్ద పాత్ర ఉందని తేలింది. ఇందులో డ్రై రకం నిదానంగా నడుస్తుంది. వెట్ రకంలో కొత్త నాళాలు పుట్టి, నీరూ రక్తమూ కారి, వారాల్లో చూపు పోవచ్చు.

మూడోది, శుక్లం ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకి వచ్చే వాపు. అది దాదాపు పూర్తిగా ఇన్‌ఫ్లమేషనే. దానికి మొదట చుక్కల మందులు వాడి చూస్తారు, చాలామందికి వాటితోనే తగ్గుతుంది. "మా పక్కింటాయనకి డ్రాప్స్‌తో పోయింది, మాకెందుకు ఇంజెక్షన్?" అని అడిగేవాళ్ళకి జవాబు ఇదే. ఆయన వాపు వేరు, మీ వాపు వేరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. జబ్బుకి మూలం ఇన్‌ఫ్లమేషన్ అయితే దాన్ని అణిచే స్టెరాయిడ్ వేస్తే సరిపోవాలి కదా? షుగర్ వాపులో చాలావరకు పనిచేస్తుంది. వెట్ ఏఎండీలో మాత్రం దాన్ని నమ్ముకుంటే చూపు పోతుంది. అక్కడ నాళాలు కారడం ఆపాలంటే వీఈజీఎఫ్‌ని అడ్డుకునే మందే కావాలి. మూలం ఒకటి, ఇవాళ చూపుని తినేస్తున్నది ఇంకొకటి.

## రేట్ల కాగితం చూసే ముందు

మొట్టమొదట జబ్బు పేరు రాయించుకోండి. 'వాపు' అని కాదు, షుగర్ వాపా, వెట్ ఏఎండీనా, రక్తనాళం మూసుకుపోయి వచ్చిందా అని. ఈ ఒక్క మాట తెలిస్తే ఎంపికల్లో సగం వాటంతట అవే తప్పుకుంటాయి.

తర్వాత చూపు ఎంత మిగిలిందో చూడాలి. చార్టు చదివించి 6/9, 6/18 అని రాస్తారు. రెండో అంకె పెరిగేకొద్దీ చూపు తక్కువని అర్థం. షుగర్ వాపులో 6/12 లేదా అంతకంటే బాగున్న కన్ను ఒక జట్టు, 6/15 దగ్గర్నుంచి కిందికి ఇంకో జట్టు. ఈ గీత ఎందుకో అఫ్లిబెర్సెప్ట్ దగ్గర చెప్తాను.

మూడోది, శుక్లం ఆపరేషన్ అయిందా, కంటి ప్రెషర్ ఎంత, ఇంట్లో ఎవరికైనా గ్లకోమా (ప్రెషర్ వల్ల కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉందా. స్టెరాయిడ్ విషయంలో మొత్తం నిర్ణయం దీని మీదే ఆధారపడుతుంది.

గుండెపోటు, పక్షవాతం ఈ మధ్య వచ్చి ఉంటే డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. వచ్చి మూడు నెలలు కూడా కాకపోతే వీఈజీఎఫ్ మందులు వేయడానికి డాక్టర్లు సాధారణంగా వెనకాడతారు. "కంటికీ గుండెకీ ఏం సంబంధంలే" అని మనవాళ్ళు దాచేస్తుంటారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఆఖరిది ఎన్నిసార్లు రాగలరన్నది. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గూడూరు నుంచి చెన్నైకి ఒక ట్రిప్పు అంటే ఇద్దరి రైలు ఛార్జీలు, ఆటోలు, భోజనాలు, తోడు వచ్చిన కొడుకో కూతురో పోగొట్టుకున్న ఒక రోజు జీతం. కళ్ళలో చుక్కలు వేశాక కొన్ని గంటలు మసగ్గానే ఉంటుంది, ఒంటరిగా పంపలేం. సగంలో ఆపేసిన చవక మందు కంటే పూర్తిగా వేయించుకున్న ఖరీదైన మందు మేలు కావచ్చు. అటు ఖరీదైన మందు రెండు వేయించుకుని డబ్బుల్లేక మానేసినవాళ్ళనీ చూశాను. ఒక్క ఇంజెక్షన్ ధర చూసి తేల్చకండి. మొదటి ఏడాదికి మొత్తం ఎంతవుతుందో అడగండి.

## ఒక్క చూపులో

| మందు | దేన్ని అడ్డుకుంటుంది | ఎన్నాళ్ళకోసారి | ఖర్చు | ఏ విషయంలో జాగ్రత్త |
|---|---|---|---|---|
| బెవాసిజుమాబ్ (అవాస్టిన్) | వీఈజీఎఫ్ | మొదట్లో నెలకోసారి | అన్నిటికంటే తక్కువ | సిరంజి నింపే చోట శుభ్రత |
| రానిబిజుమాబ్, బయోసిమిలర్లు (దాన్ని పోలిన మందులు) | వీఈజీఎఫ్ | మొదట్లో నెలకోసారి | మధ్యస్థం, అసలు బ్రాండ్ ఎక్కువ | తరచుగా రావాలి |
| అఫ్లిబెర్సెప్ట్ | వీఈజీఎఫ్, దాని దగ్గరి ప్రోటీన్లు | మొదటి డోసులయ్యాక సుమారు 2 నెలలు | ఎక్కువ | ఏడాది మొత్తం బడ్జెట్ |
| ఫారిసిమాబ్ | వీఈజీఎఫ్, యాంజియోపొయెటిన్-2 | కుదిరినవాళ్ళకి 4 నెలల దాకా | ఎక్కువ | అందరికీ అంత ఎడం కుదరదు |
| డెక్సామెథాసోన్ ఇంప్లాంట్ | ఇన్‌ఫ్లమేషన్ మొత్తాన్ని | 3 నుంచి 6 నెలలు | ఎక్కువ | కంటి ప్రెషర్, శుక్లం |

## అవాస్టిన్: చవకదంటే నాసిదా?

కాదు. ఇది నిజానికి పెద్దపేగు క్యాన్సర్ కోసం 2004లో అమెరికాలో అనుమతి పొందిన మందు. కంటికి కావాల్సింది 1.25 మి.గ్రా. మాత్రమే. ఒక 100 మి.గ్రా. సీసా నుంచి చాలామందికి సరిపడా సిరంజీలు నింపవచ్చు కాబట్టే ఇంత చవక. కంటికి వాడతారని కంపెనీ లేబుల్ మీద ఉండదు, డాక్టర్లు తమ విచక్షణతో వాడతారు. సంతకం పెట్టించుకునే కాగితంలో ఈ మాట చూసి కంగారు పడకండి.

వెట్ ఏఎండీలో దీన్నీ రానిబిజుమాబ్‌నీ పక్కపక్కన పెట్టి అమెరికాలో క్యాట్ అనే పెద్ద పరీక్ష చేశారు. 2011లో వచ్చిన మొదటి ఏడాది ఫలితాల్లో, ఒకే లెక్కన వేసినప్పుడు రెంటితోనూ చూపు ఒకేలా మెరుగుపడింది. "చవకది వేయించి నాన్న కన్ను పాడుచేశామేమో" అని బాధపడే కొడుకులకి ఈ ఫలితం గురించి తప్పకుండా చెప్తుంటాను.

దీంతో ఉన్న అసలు ప్రమాదం పంచే దగ్గర ఉంది. ఒక సీసాని చాలా సిరంజీలుగా విడగొట్టేటప్పుడు శుభ్రత తప్పితే ఆ రోజు వేయించుకున్నవాళ్ళందరికీ ముప్పే. 2016 జనవరిలో గుజరాత్‌లో కొందరికి ఇంజెక్షన్ తర్వాత కళ్ళు దెబ్బతినడంతో డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ దేశమంతా హెచ్చరిక ఇచ్చారు. కాబట్టి ఎక్కడ నింపుతారు, ఎప్పుడు నింపారు, సీసా బ్యాచ్ నంబరు రాసిస్తారా అని అడగండి. ఇది అడగడం తప్పు కాదు. మంచి ఆసుపత్రి ఆ ప్రశ్నకి ముఖం చిట్లించదు.

## రానిబిజుమాబ్

కంటి కోసమే తయారైన మందు, అదీ ఒక్కరికి ఒక్క సీసా. పంచే సమస్య లేదు. మన దేశంలో 2015 నుంచే దీని బయోసిమిలర్ దొరుకుతోంది. రజుమాబ్ పేరుతో ఇంటాస్ కంపెనీ తెచ్చిన ఆ మందు ప్రపంచంలోనే మొదటి రానిబిజుమాబ్ బయోసిమిలర్. అవాస్టిన్ పంపకం మీద నమ్మకం కుదరక, పెద్ద బ్రాండ్ అందుకోలేక మధ్యలో ఉన్నవాళ్ళకి ఇదొక దారి.

## అఫ్లిబెర్సెప్ట్: ఎప్పుడు డబ్బుకి తగ్గ ఫలితం?

ఇందాక చెప్పిన 6/12, 6/15 గీత ఇక్కడ పనికొస్తుంది. షుగర్ వాపులో అవాస్టిన్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ మూడింటినీ పోల్చిన పరీక్ష 2015లో వచ్చింది. చూపు 6/12 లేదా ఇంకా మెరుగ్గా ఉన్నవాళ్ళలో ఏది వేసినా ఫలితం దాదాపు ఒకటే. 6/15 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళలో మాత్రం ఏడాది చివరికి అఫ్లిబెర్సెప్ట్‌తో సగటున సుమారు 19 అక్షరాలు, రానిబిజుమాబ్‌తో 14, అవాస్టిన్‌తో 12 అక్షరాలు మెరుగయ్యాయి. ఆ చార్టులో వరుసకి 5 అక్షరాలు. అంటే అవాస్టిన్‌కీ దీనికీ మధ్య తేడా ఒక వరుస పైనే. రెండో ఏడాదికి రానిబిజుమాబ్‌తో తేడా చెప్పుకోదగ్గంతగా లేకుండా పోయింది.

ఇంతవరకు చదివి "మాది 6/24, అయితే ఖరీదైనదే తప్పదా" అనుకుంటారు. ఆగండి. 2022లో ఇంకో పరీక్ష వచ్చింది. చూపు తగ్గిన కళ్ళలో సగం మందికి మొదటి నుంచీ అఫ్లిబెర్సెప్ట్ వేశారు. మిగతా సగానికి అవాస్టిన్‌తో మొదలుపెట్టి, సరిపడా ఫలితం రాకపోతే మార్చారు. రెండేళ్ళయ్యేసరికి రెండు జట్ల చూపూ ఒకటే. మార్చాల్సి వచ్చిన కళ్ళు 70 శాతం దాకా ఉన్నాయన్నదీ నిజమే. అయినా చవకదానితో మొదలుపెట్టిన జట్టు చివరికి సగటున ఏమీ నష్టపోలేదు. నా దృష్టిలో మన మధ్యతరగతి ఇళ్ళకి ఇంతకంటే ఊరటనిచ్చే ఫలితం ఇంకోటి లేదు. ఒక్క షరతు: రమ్మన్న రోజుకి రావాలి, మార్చాలన్నప్పుడు మార్చాలి.

## ఫారిసిమాబ్, బ్రోలుసిజుమాబ్

ఫారిసిమాబ్‌కి 2022 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది వీఈజీఎఫ్‌తోపాటు యాంజియోపొయెటిన్-2ని కూడా పట్టుకుంటుంది. నాళాల గోడల్ని వదులు చేసి, ఇన్‌ఫ్లమేషన్‌కి తలుపు తీసే ప్రోటీన్ అది. దూరం నుంచి వచ్చేవాళ్ళకి ఎడం పెంచుకునే అవకాశమే దీని ఆకర్షణ. అయితే మొదటి డోసులు నెలనెలా తప్పవు. ఆ తర్వాతే ఎంత ఎడం కుదురుతుందో తేలుతుంది. 'నాలుగు నెలలకోసారి చాలు' అని ముందే మాటిస్తే నమ్మకండి.

బ్రోలుసిజుమాబ్ గురించి రెండే ముక్కలు. నీరు బాగా లాగుతుంది. కానీ 2020 నుంచి దీనివల్ల కొందరి కళ్ళలో రక్తనాళాలకే ఇన్‌ఫ్లమేషన్ వచ్చి చూపు పోయిన కేసులు బయటపడ్డాయి. ఇంతకు ముందెప్పుడైనా కంట్లో ఇన్‌ఫ్లమేషన్ వచ్చినవాళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

## స్టెరాయిడ్ ఇంప్లాంట్: మా నాన్న కథ

డెక్సామెథాసోన్ ఇంప్లాంట్, మార్కెట్లో ఓజర్‌డెక్స్, అంటే 0.7 మి.గ్రా. మందున్న సన్నటి పుల్ల. బియ్యపు గింజ కంటే సన్నం. సూదితో కంట్లోకి పంపితే నెలల తరబడి కరుగుతూ మందు వదులుతుంది, తర్వాత తీయాల్సిన పని లేదు. ఇది ఒక్క వీఈజీఎఫ్‌నే కాదు, ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలన్నిటినీ అణుస్తుంది. అందుకే పాతబడిన షుగర్ వాపుకి, రక్తనాళం మూసుకుపోయి వచ్చిన వాపుకి వాడతారు.

దీని మూల్యం రెండు రకాలు. ఒకటి శుక్లం. ఇంకా ఆపరేషన్ కాని కళ్ళలో మూడేళ్ళు వాడి చూసిన పరీక్షల్లో, మూడింట రెండొంతుల మందికి శుక్లం సమస్య వచ్చింది. రెండోది కంటి ప్రెషర్. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పెరుగుతుంది. ఎక్కువమందికి చుక్కలతో దిగుతుంది. ఆ ప్రెషర్‌కి కూడా నొప్పి ఉండదు, కొలిస్తేనే తెలుస్తుంది. గ్లకోమా ముదిరినవాళ్ళకి, కంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళకి ఇది వేయరు.

మా నాన్న సంగతికి వస్తే, కుడి కన్ను 6/24. రెండు కళ్ళకీ శుక్లం ఆపరేషన్ అయిపోయింది. షుగర్ ఇరవై ఏళ్ళ నుంచి ఉంది. అవాస్టిన్‌తో మొదలుపెట్టాం. నాలుగు వేశాక మార్చి అఫ్లిబెర్సెప్ట్ మూడు వేశారు. స్కాన్‌లో మాక్యులా మందం 460 మైక్రాన్ల నుంచి 390కి వచ్చి అక్కడే ఆగింది. తెర మీద ఆ నల్లటి నీటి సంచులు నాకు ఇంకా కళ్ళ ముందే ఉన్నాయి. మామూలుగా మాక్యులా మధ్యలో చిన్న పల్లం కనిపించాలి. అక్కడ గుట్టలా లేచి, లోపల తేనెపట్టు గదుల్లా నల్ల ఖాళీలు. ప్రతిసారీ కాస్త తగ్గాయనిపించేది, నెల తిరిగేసరికి మళ్ళీ నిండేవి.

ఏడో ఇంజెక్షన్ తర్వాత డాక్టరు స్టెరాయిడ్ మాట ఎత్తారు. నేను వెంటనే ఒప్పుకోలేదు. ఎందుకంటే 2018లో వచ్చిన ఒక పరీక్ష నాకు తెలుసు. మొండి వాపులో వీఈజీఎఫ్ మందుకి ఈ ఇంప్లాంట్ జోడిస్తే మందం బాగా తగ్గింది కానీ, మొత్తం మీద చూపులో తేడా రాలేదు. స్కాన్ అందంగా మారినంత మాత్రాన చదవగలిగే వరుస మారుతుందన్న హామీ లేదు. అదే డాక్టరుకి చెప్పాను. ఆయన విసుక్కోలేదు. "ఆపరేషన్ అయిన కన్ను కాబట్టి శుక్లం భయం లేదు. ప్రెషర్ 15 ఉంది. నెలనెలా గూడూరు నుంచి తీసుకురాలేకపోతున్నారు. ఈయనకి ఇది వేసి చూడటంలో పోయేది తక్కువ" అన్నారు. ఆ లెక్క నాకు నచ్చింది.

వేసిన ఎనిమిది వారాలకి మందం 285కి దిగింది. చూపు 6/15. రెండు వరుసలు. ప్రెషర్ 27కి ఎక్కింది, పూటకో చుక్క చొప్పున రెండు పూటలా వేస్తే మూడు వారాల్లో 17కి వచ్చింది. ఐదో నెలలో నీరు మళ్ళీ చేరడం మొదలైంది, ఇంకోటి వేశారు. పూర్తిగా నయమైందా అంటే కాలేదు. ఏడాదికి తొమ్మిది ట్రిప్పుల బదులు ఐదు అయ్యాయి. అందులో ఒకటి కేవలం ప్రెషర్ చూపించుకోవడానికే. దాన్ని మాత్రం ఎగ్గొట్టకూడదు. గూడూరులోనే కంటి డాక్టరు దగ్గర కొలిపించుకుని ఆ అంకె ఫోన్‌లో పంపినా సరిపోతుంది.

ఇదే కన్నుకి శుక్లం ఆపరేషన్ కాకపోయి ఉంటే, వయసు యాభై అయి ఉంటే, నేను ఇంకొన్నాళ్ళు వీఈజీఎఫ్ మందు మీదే ఉండమని బతిమాలేదాన్ని.

## డ్రై ఏఎండీ అన్నవాళ్ళకి

మీకు ఈ ఇంజెక్షన్లేవీ కాదు. మచ్చలు మధ్య దశకి వచ్చినవాళ్ళకి ఒక ప్రత్యేకమైన మాత్ర ఫార్ములా ఉంది. 2001లో వచ్చిన అరెడ్స్ పరీక్షలో అలాంటి మాత్ర అయిదేళ్ళలో జబ్బు ముదిరే ముప్పుని సుమారు 25 శాతం తగ్గించింది. 2013లో దాన్ని సవరించారు: విటమిన్ సి 500 మి.గ్రా., విటమిన్ ఈ 400 ఐయూ, ల్యూటిన్ 10 మి.గ్రా., జియాజాంతిన్ 2 మి.గ్రా., జింక్ 80 మి.గ్రా., కాపర్ 2 మి.గ్రా. పొగతాగేవాళ్ళలో, మానేసినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ భయం ఉండటంతో బీటా కెరొటిన్ తీసేశారు. మందుల షాపులో 'కంటి విటమిన్' అని ఇచ్చేవాటిలో చాలావాటిలో ఈ మోతాదులు ఉండవు. డబ్బా వెనక చదివించుకుని కొనండి. తొలి దశలో ఉన్నవాళ్ళకి ఈ మాత్రతో లాభం తేలలేదు.

ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తుందని చేపనూనె గుళికలు చాలామంది మింగుతున్నారు. 2013 పరీక్షలోనే ఒమేగా-3 జోడించి చూశారు, అదనంగా ఒరిగిందేమీ లేదు. పొన్నగంటి కూర, తోటకూర, మునగాకు వారంలో నాలుగు రోజులు తినండి, మంచిదే. చుట్టా బీడీ మానడం అన్నిటికంటే పెద్ద మందు. త్రిఫల నీళ్ళు, తేనె, పసుపు మాత్రం కంట్లో పోయకండి. అవి రెటీనా దాకా వెళ్ళవు, పైపొరని పాడుచేస్తాయి.

ముదిరిన డ్రై రకానికి కాంప్లిమెంట్‌ని అడ్డుకునే రెండు ఇంజెక్షన్లకి అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. యూట్యూబ్‌లో చూసి మా పిన్ని వెంటనే ఫోన్ చేసింది, "అమ్మాయ్, మందొచ్చిందంట గదా" అని. అవి పోయిన చూపుని తేవు, మచ్చ పెరిగే వేగాన్ని కొంత తగ్గిస్తాయంతే. పైగా వెట్ రకంగా మారే ముప్పు కాస్త పెరుగుతుంది. వాటిలో ఒకటైన పెగ్‌సెటాకోప్లాన్‌ని, రోగికి తెలిసేంత మేలు కనబడలేదని 2024లో యూరప్ మందుల సంస్థ తిరస్కరించింది. పిన్నికి అదే చెప్పాను. చెప్తున్నంతసేపూ నాకు కష్టంగానే ఉంది.

డ్రై ఉన్నవాళ్ళు చేయాల్సింది ఒకటుంది. రోజూ ఒక కన్ను మూసి కిటికీ ఊచల్ని చూడండి. తర్వాత రెండో కన్ను మూసి చూడండి. తిన్నగా ఉండాల్సిన ఊచ వంగినట్టు, మధ్యలో తెగినట్టు కనిపిస్తే ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మా పెద్దమ్మకి గుమ్మం వంకరగా కనిపించింది. అద్దాల పవర్ మారిందనుకుని నాలుగు నెలలు ఊరుకుంది. వచ్చేసరికి లోపల మచ్చ కట్టేసింది. ఆ కంటికి ఏ ఇంజెక్షన్ వేయాలన్న ప్రశ్నే మిగల్లేదు.

## నేనైతే ఎవరికి ఏమంటాను

వెట్ ఏఎండీ అని తేలితే, రకం గురించి వారాలు ఆలోచించకండి. ఏ వీఈజీఎఫ్ మందు అందుబాటులో ఉంటే అది ఆ వారంలోనే మొదలుపెట్టండి. ఇక్కడ ఆలస్యమే పెద్ద నష్టం. డబ్బు ఇబ్బంది ఉంటే నమ్మకమైన చోట అవాస్టిన్ చాలు.

షుగర్ వాపు, చూపు 6/9 లేదా 6/12, చెన్నైలోనే కాపురం: అవాస్టిన్ లేదా బయోసిమిలర్ రానిబిజుమాబ్. ఖరీదైనదాని వల్ల మీకు వచ్చే అదనపు లాభం తక్కువ. ఆ డబ్బుతో షుగర్, బీపీ సరిగ్గా చూపించుకోండి.

షుగర్ వాపు, చూపు 6/24, ఇన్సూరెన్స్ ఉంది: అఫ్లిబెర్సెప్ట్‌తో మొదలుపెట్టొచ్చు. ఇన్సూరెన్స్ లేకపోతే అవాస్టిన్‌తో మొదలుపెట్టి, అవసరమైతే మార్చడం సిగ్గుపడాల్సిన దారి కాదు.

శుక్లం ఆపరేషన్ అయిపోయి, ప్రెషర్ మామూలుగా ఉండి, చాలా ఇంజెక్షన్లయినా నీరు తగ్గనివాళ్ళు, లేదా ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు స్టెరాయిడ్ గురించి మీరే అడగండి.

ఇన్సూరెన్స్ సంగతి కూడా. కంట్లో వేసే ఇంజెక్షన్లని 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చింది. ఆసుపత్రిలో పడుకోలేదన్న సాకుతో కాదంటే ఆ మాట గుర్తుచేయండి. కాకపోతే చాలా పాలసీల్లో దీనికి ఒక పరిమితి ఉంటుంది, అది ముందే చూసుకోండి. ఆంధ్రా ఆరోగ్య కార్డు చెన్నై ఆసుపత్రిలో చెల్లుతుందా అన్నది బయలుదేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఏదీ తేలకపోతే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. ఎగ్మోర్‌లో 1819లో మొదలైన ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. నుంగంబాకంలో 1978లో డాక్టర్ బద్రీనాథ్ స్థాపించిన శంకర నేత్రాలయ ఉంది. పాత స్కాన్లన్నీ వెంట తీసుకెళ్ళండి, ఒక్క తాజా స్కాన్ చూసి ఏ డాక్టరూ సరిగ్గా చెప్పలేరు.

## వేయించుకున్నాక

ఆ రోజు కన్ను కాస్త గరగరలాడుతుంది, తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక పడొచ్చు, నల్ల చుక్కలు తేలొచ్చు. వీటికి భయం లేదు. కానీ తర్వాతి రోజుల్లో నొప్పి పెరుగుతున్నా, ఎరుపు పెరుగుతున్నా, చూపు మసకబారుతున్నా తెల్లారేదాకా ఆగకండి. కంటి లోపల ఇన్ఫెక్షన్ వేలల్లో ఒకరికి వస్తుంది, వస్తే గంటలు లెక్కపెట్టుకోవాలి. మందు వల్ల వచ్చే ఇన్‌ఫ్లమేషన్ కూడా ఇలాగే కనిపిస్తుంది. ఏది ఏదో డాక్టరు చూసి తేల్చాలి, ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు కాదు.

ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోండి. తేదీ, ఏ కన్ను, ఏ మందు, బ్యాచ్ నంబరు, చూపు, మందం, ప్రెషర్. మా నాన్న మిల్లు ఖాతా పుస్తకంలాగే ఎర్ర సిరాతో గడులు గీసి రాస్తున్నారు. మొదట్లో ఆయన చెప్తుంటే నేను రాసేదాన్ని. రెండో ఇంప్లాంట్ తర్వాతి వరుస నుంచి దస్తూరీ ఆయనదే.